ఎత్తుకున్న పాట

"ఆ సంచి గడపకాడికెల్లి తీయమను. పోయెటోడు పోవాలె, ఉండెటోడు ఉండాలె. నడిమిట్ల సంచి పెట్టి నన్ను బెదిరిస్తుండా?"

మంచం మీద నుంచి ఖాజా మియా అరిచాడు. అరిచానని అనుకున్నాడు పాపం. జ్వరానికి గొంతు సగం పోయి, ఆ కేక పాలు పొంగినట్టు మెత్తగా వచ్చి మంచం అంచు దాటకుండానే కారిపోయింది.

"ఎవరు బెదిరిస్తుండ్రు? సంచి పెట్టి రెండు గంటలాయె. ఒక్కరన్న ఉండురా అన్నరా?" గడప బయటి నుంచి షోయబ్ అన్నాడు. గోడకు ఆనుకుని, గోటితో సున్నం గీకుతున్నాడు.

"నేనన్న గద!" అంది షాహెదా, వాడి పిన్ని.

"నువ్వు కాదు ఖాలా."

పెనం మీద ఉప్పు మూట చిటపటమంది.

షాహెదా ఆ వేడి మూట తీసి మొగుడి వేళ్ళ మీద అద్దింది. ఆ వేళ్ళను చూడాలి మీరు. కీళ్ళ దగ్గర ఒక్కొక్క ఉసిరికాయ దాచుకున్నట్టు ఉబ్బిపోయాయి. ఆ మాఘమాసంలో వనపర్తిలో ఇంటికొకరు గోడ పట్టుకుని నడుస్తున్నారు. చికున్ గున్యా. దవాఖానలో డాక్టరు, నొప్పులు ఆరు నెలలైనా ఉండొచ్చన్నాడు. ఆరు నెలలంటే పెళ్ళిళ్ళ కాలమంతా.

ఖాజా మియా మంచం పక్కనే క్లారినెట్టు. పొద్దుటి నుంచి పదిసార్లు చేతిలోకి తీసుకున్నాడు. మూడు వేళ్ళు వంగితే నాలుగోది వంగదు. మూయాల్సిన బెజ్జం మూతపడక, ఆ వాయిద్యం పిల్లి తోక తొక్కినట్టు ఒక్క కూత కూసి ఊరుకుంటుంది.

"ఖాలూ, నా మూతి నాకియ్యి. పోత," అన్నాడు షోయబ్ బాబాయితో.

"నీ మూతి నీ మొకానికే ఉన్నది గదరా," అన్నాను నేను.

ఎవరూ నవ్వలేదు. మంచి మాట వృథా అయిపోయింది.

ట్రంపెట్‌కు నోరు ఆనించే చోట ఉండే చిన్న ఇత్తడి ముక్కను మా బ్యాండులో మూతి అంటాం. అది లేకపోతే ట్రంపెట్టూ ఒకటే, కిరసనాయిలు గరాటా ఒకటే. మూడు రోజుల కింద తెలకపల్లి పెళ్ళిలో, జనం ముందే, ఖాజా మియా ఆ మూతిని షోయబ్ ట్రంపెట్ నుంచి పీకి తన అంగీ జేబులో వేసుకున్నాడు.

నేను గోవిందును. న్యూ దిల్‌బహార్ బ్యాండులో తాళాలు నావి. ఇత్తడి తాళాలండీ. ఇంటి తాళాలు మాత్రం నా చేతికి ఎవరూ ఇవ్వరు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

"అసలు తెలకపల్లిల ఏం జరిగింది? జర సరిగ చెప్పుండ్రి," అంది షాహెదా.

"మీ అక్క కొడుకునే అడుగు. దమ్ము తీస్కుందామని జరసేపు ఆగిన. గంతల్నే ఈడు నా పాట ఎత్తుకున్నడు."

"ఎత్తుకున్నడు, ఎత్తుకున్నడు! మూడు దినాల సంది ఇదే మాట. ఎత్తుకున్నడంటే ఏంది, కోడిని ఎత్తుకపోయిండా?"

"కోడైతే ఇంకోటి కొనుక్కుందు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా బ్యాండులో పాట మొదటి వరుస ఒక్కడే ఊదుతాడు. దాన్ని ఎత్తుకోవడం అంటాం. మిగతావాళ్ళు వెనక నుంచి కలుస్తారు. దాన్ని అందుకోవడం అంటాం. "నేనెత్తుకుంట, మీరందుకోండి," అనేది ఖాజా మియా ఇరవై రెండేళ్ళ నుంచి చెబుతున్న మాట. ఆయన ఎత్తుకోకపోతే పదిమందిమీ వాయిద్యాలు పట్టుకుని దిష్టిబొమ్మల్లా నిలబడతాం. ఒకసారి ఉప్పునుంతలలో ఆయన చెప్పు వారు తెగింది. వంగి కట్టుకుంటున్నంతసేపు మేం ఊదలేదు. పెళ్ళివాళ్ళు, ఎవరో పోయారనుకుని తలపాగాలు తీశారు.

"నాగర్‌కర్నూల్ బ్యాండోళ్ళు నన్ను ముంగట నిలవెడ్తమన్నరు ఖాలూ. ఈడ పదేండ్ల సంది ఎనకనే ఉన్న. ఇంకెన్నేండ్లు?" అన్నాడు షోయబ్.

"ముంగట నిలవడుడు అంత అల్కగుందా? పాట తప్పితే ముంగటోన్నే తిడ్తరు."

"తిట్టనియ్యి. తిట్లన్న నావైతయి గద."

అప్పుడే లోపలి గది నుంచి ఖాజా మియా కూతురు నిఖత్ సెల్‌ఫోను అరచేత్తో మూసుకుంటూ వచ్చింది. బ్యాండుకు పెళ్ళిళ్ళు ఒప్పుకునేది ఈ పిల్లే.

"అబ్బా, పెబ్బేరు కృష్ణయ్య ఫోను చేసిండు. రేపు పొద్దుగాల ఎనిమిదింటికి పెండ్లికొడుకు విడిది నుంచి ఎల్తడంట. ఉస్తాదుకు జరమంట గద, మరి ఎవరెత్తుకుంటరు అని అడుగుతుండు."

ఖాజా మియా పైకప్పు వాసాలు లెక్కబెట్టాడు.

"వస్తమని చెప్పు."

"ఎవరెత్తుకుంటరు అని అడుగుతుండు అబ్బా."

"వస్తమని చెప్పు అన్న గద!"

గోడ అవతల సున్నం గీకే చప్పుడు ఆగింది. షోయబ్ లోపలికి వచ్చాడు, సంచి భుజానికి తగిలించుకున్నాడు, ఖాలా కాళ్ళ దగ్గర ఒక్క క్షణం వంగి లేచాడు. నాలుగేళ్ళవాడిగా ఈ ఇంటికి వచ్చిన పిల్లవాడు, ఇరవై నాలుగేళ్ళవాడిగా ఆ గడప దాటాడు.

"మూతి లేకుంటనే పోతవారా?" అంది షాహెదా.

"కొత్తది కొనుక్కుంట," అన్నాడు తిరిగి చూడకుండా.

*

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి వచ్చి నేల మీద చాప పరిచింది. అందరూ పోయారు. నేను మంచం పక్కన కూర్చుని విసనకర్ర ఊపుతున్నాను. ఖాజా మియా కళ్ళు సగం మూసుకున్నాడు.

"గోవిందూ, తెల్లారంగ ఒక కల వడ్డదిర."

"కలల ఎవరొచ్చిండ్రు? వదినకు చెప్పొచ్చా?"

"నీ బుద్ధి పాడుగాను. విను. నదిల నడుస్తున్న. బీచుపల్లి కాడ కృష్ణ లెక్కుంది. నీళ్ళ మీదనే నడుస్తున్న, కాళ్ళు తడుస్తలేవు. మన బ్యాండంత ఎనక వస్తుంది. నేను పాట ఎత్తుకున్న. ఎంత మంచిగొచ్చిందనుకున్నవ్! గాలి కూడ ఆగింది. ఇగ మీరందుకుంటరని చూస్తున్న."

"అందుకున్నమా?"

"ఎనకకు తిరిగి చూసిన. కోట్లు ఉన్నయి. ఎర్ర కోట్లు, టోపీలు, అన్ని వరసగ నిలవడ్డయి. లోపట మనుషులు లేరు. గాలికి చేతులు ఊగుతున్నయి."

నా విసనకర్ర ఆగిపోయింది. నాకు వెంటనే ఏ హాస్యమూ తట్టకపోవడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి.

"మరి నా కోటు? అదన్న నవ్విందా?" అన్నాను చివరికి.

ఆయన అప్పటికే నిద్రలోకి జారాడు. వాచిన వేళ్ళు గుండె మీద పరిచి ఉన్నాయి. నిద్రలో అవి ఏవో బెజ్జాలు వెతుక్కుంటున్నట్టు కదిలాయి.

కొక్కానికి ఆయన అంగీ వేలాడుతోంది. జేబు కొంచెం కిందికి దిగి ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు. నా చెయ్యి లేచింది. ఆ చెయ్యి నాది కానట్టు చూశాను. రెండు వేళ్ళు జేబులోకి పోయి, చల్లటి ఇత్తడి ముక్కను పట్టుకుని బయటికి వచ్చాయి.

తల తిప్పితే గుమ్మంలో షాహెదా.

ఆమె చూసింది. నన్ను చూసింది, నా పిడికిలి చూసింది, మొగుణ్ణి చూసింది. వంటింట్లోకి పోయి ఉప్పు మూటను మళ్ళీ పెనం మీద పెట్టింది.

*

ముందు షోయబ్ దగ్గరికే పోయాను. బస్టాండు బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు నాగర్‌కర్నూల్ బస్సులు పోయాయట, ఎక్కలేదట. ఎందుకెక్కలేదని అడగలేదు నేను.

"ఉస్తాద్ పంపిండు," అన్నాను.

"పరాచికాలాడకు గోవిందు మామా. నా పానం మంచిగ లేదు."

పిడికిలి విప్పాను. అరచేతిలో మూతి.

వాడు దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే కరిగిపోతుందేమో అన్నట్టు చూశాడు.

"రేపు పెబ్బేరుల నిన్నే ఎత్తుకోమన్నడు. మందికి చెప్పొద్దన్నడు. నీకు ఎదురుంగ చెప్పనీకి సిగ్గంట."

"ఖాలూ అన్నడా? ఆ మాటే అన్నడా?"

"ఆ మాటే."

"కసమ్? ఒట్టేనా?"

"నా తాళాల మీద కసమ్."

షోయబ్ నవ్వాడు. అలాంటి నవ్వు మీరు చూసి ఉండరు. మొహమంతా వెలిగి, చెవులు కూడా నవ్వాయి. ఆ నవ్వు చూశాక, నేను ఆపేయాల్సింది. ఇంటికి పోయి అన్నం తిని పడుకోవాల్సింది. కానీ నాలుక ఒకసారి తియ్యగయ్యాక ఒక్క లడ్డూతో ఆగుతుందా?

దారిలో యాసర్ సైకిల్ పంక్చర్ దుకాణం. యాసర్ మా సాక్సఫోను. ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నాడు.

"రేపు పాట నువ్వే ఎత్తుకోవాలంట. ఉస్తాద్ చెప్పమన్నడు. ఎవలకు చెప్పకు."

యాసర్ చేతిలోంచి ట్యూబు జారి బకెట్టులో పడింది.

"నేనా? నాకు ఏడుపు పాటలే వస్తయి మామా."

"పెండ్లన్నంక ఏడుపు ఉండదారా?"

ఇంకో వీధి దాటితే బజ్జీల బండి దగ్గర బుచ్చన్న. బుచ్చన్న వాయిద్యం వాడి పొట్టంత బాకా. మిరపకాయ బజ్జీ నోట్లో ఉండగానే చెప్పాను.

"నాకు ఎర్కనే," అన్నాడు బుచ్చన్న నములుతూ. "ఏనాటికన్న ఉస్తాద్ నన్నే అడుగుతడని ఎర్కనే."

ముగ్గురికీ ముగ్గురూ ఆ రాత్రి ఎంత హాయిగా కలలు కని ఉంటారో! నా లెక్క ఏమిటంటే, ముగ్గురూ తయారుగా వస్తే ఎవడో ఒకడు ఎత్తుకుంటాడు, పెళ్ళి గడుస్తుంది, షోయబ్ ఆగుతాడు. ముగ్గురూ ఒకేసారి ఎత్తుకుంటారని మీకు తట్టింది కదా? నాకు తట్టలేదు. ఐదో తరగతి మధ్యలో మానేసినవాణ్ణి.

*

పెబ్బేరులో పొద్దున్నే పలచటి మంచు. అంగడి రోజు. రోడ్డుకు అవతల వేల పశువులు, వాటి ఊపిరి పొగలై లేచి ఎండలో బంగారు దుమ్ముతో కలిసిపోతోంది. గంటలు, మువ్వలు, బేరాల కేకలు, అన్నీ ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు వినిపిస్తున్నాయి. పొలాల గట్ల మీద మోదుగులు అప్పుడే ఎర్రగా కళ్ళు తెరిచాయి.

ఖాజా మియా రానే వచ్చాడు. షాహెదా ఎంత వద్దన్నా వినక, దుప్పటి కప్పుకుని ఆటోలో ముందు సీట్లో కూర్చున్నాడు. క్లారినెట్టు ఒళ్ళో ఉంది. షోయబ్ ఆటో దగ్గరికి వచ్చి, తన సంచి వెనక సీట్లో పెట్టి సలాం చేశాడు. ఆయన వాడి చేతిలోని ట్రంపెట్ చూశాడు, దానికి తగిలించిన మూతి చూశాడు, తన జేబు తడుముకున్నాడు. ఏదో అనబోయాడు.

అంతలో విడిది తలుపు తెరుచుకుంది. పెళ్ళికొడుకు బాసికం సర్దుకుంటూ బయటికి వచ్చాడు. ఆడవాళ్ళు హారతి తిప్పారు. పిల్ల తండ్రి కృష్ణయ్య మా వైపు చెయ్యెత్తాడు, ఇక కానివ్వండి అన్నట్టు.

ముగ్గురు గుండెల నిండా గాలి పీల్చారు.

తర్వాత మూడు పాటలు ఒకేసారి లేచాయి.

షోయబ్ జోరు మీదున్న బరాత్ పాట ఎత్తుకున్నాడు. బుచ్చన్న ఎల్లమ్మ జాతర పాట ఎత్తుకున్నాడు. యాసర్, నా యాసర్, అప్పగింతల పాట ఎత్తుకున్నాడు.

మిగతావాళ్ళు ఎవరిని అందుకోవాలో తెలియక తలా ఒకటి అందుకున్నారు. అంగడిలో ఒక కోడె తాడు తెంపుకుంది. పెళ్ళికూతురి నాయనమ్మ బుజ్జమ్మ, యాసర్ పాట చెవిన పడగానే, "అయ్యో బిడ్డా, పోతున్నవా" అని అరుగు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. ముహూర్తానికి ఇంకా మూడు గంటలుంది.

పెళ్ళికొడుకు ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"ఏందిది ఉస్తాద్? పెండ్లి చేయనీకి వచ్చిండ్రా, పరువు తీయనీకి వచ్చిండ్రా?" కృష్ణయ్య ఆటో దగ్గరికి ఉరికి వచ్చాడు.

మా వాళ్ళంతా ఊదడం ఆపి అలవాటుగా ఉస్తాద్ వైపు చూశారు. ఖాజా మియా చెయ్యెత్తాడు. ఆ వేలు చూపిస్తే బ్యాండు నడిచేది. ఆ వేలు ఇప్పుడు నిటారుగా లేవదు. సగం లేచి, వంకరగా, గాల్లోనే ఆగింది.

ఢమ్.

పెద్ద డోలు. కురుమయ్య.

ఢమ్. ఢమ్.

కురుమయ్య మాట్లాడగా విన్నవాళ్ళు తక్కువ. ఇరవై రెండేళ్ళూ ఖాజా మియా వెనక డోలు మోసిన మనిషి. ఎవరి వైపూ చూడకుండా ఒక్కటే దెబ్బ, నడక వేగంతో కొట్టుకుంటూ ముందుకు వచ్చాడు. పెళ్ళికొడుకు కాలు ఆ దెబ్బకు నేల మీద పడింది. రెండో కాలు కదిలింది.

"బొడ్రాయి దాక బుచ్చన్న," అన్నాడు కురుమయ్య డోలు కర్రతో చూపిస్తూ. "బొడ్రాయి నుంచి అంగడి దాక యాసర్. ఏడుపు పాట కాదుర, ఇంకోటి సూడు. అంగడి దాటినంక షోయబ్. ఊదుండ్రి."

"ఉస్తాద్..." అన్నాడు బుచ్చన్న ఆటో వైపు తిరిగి.

"ఉస్తాద్ ఈడనే ఉన్నడు. తొవ్వ అటుంది. అటు సూడు."

బుచ్చన్న పొట్ట నిండా గాలి పీల్చి ఎత్తుకున్నాడు. ఎంత మోటుగా ఊదాడో, అంత నిజంగా ఊదాడు. పదిమందిమీ అందుకున్నాం. ఆడవాళ్ళ నడుముల్లో జాతర పూనింది. బుజ్జమ్మ ముక్కు తుడుచుకుని లేచి, ఏడుపు ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే ఆడడం మొదలుపెట్టింది. ఊరి నడిమి బొడ్రాయి దగ్గర యాసర్ ముందుకు వచ్చాడు. వాడికి నవ్వే పాట ఒక్కటే వచ్చు. దాన్నే నాలుగుసార్లు తిప్పాడు. నాలుగోసారికి భయం పోయి, పాట కింద చిన్న చిన్న అలలు పుట్టించాడు. అవి వాడిలో ఉన్నాయని మాకెవరికీ తెలియదు, వాడితో సహా.

ఆటో మా వెనకే మెల్లగా వస్తోంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఖాజా మియా మమ్మల్ని వెనక నుంచి చూస్తున్నాడు.

అంగడి దాటాక షోయబ్ ముందుకు నడిచాడు.

ఆ పాట ఎలా చెప్పాలో నాకు చేతకాదు. తెలకపల్లిలో ఎత్తుకున్నదే. కానీ ఉస్తాద్ ఎప్పుడూ ఆపే మలుపు దగ్గర షోయబ్ ఆగలేదు. ఆ మలుపు దాటి పాటలోనే ఇంకో గల్లీలోకి పోయాడు. అక్కడ ఎవరూ లేరు, మంచు ఉంది, దూరంగా ఎవరిదో ఇంట్లో దీపం ఉంది. మేమంతా ఆ గల్లీలోకి వెంట నడిచాం. అంగడిలో ఎద్దులు నెమరు వేయడం మానేశాయి. బేరగాళ్ళు ధర వేళ్ళతో చెప్పుకోవడానికి తువ్వాలు కింద పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. నేను తాళం కొట్టడం మరిచిపోయాను. ఎవరూ గమనించలేదు. కొంచెం బాధగానే అనిపించింది.

ఎప్పుడు పందిరి దగ్గరికి చేరామో తెలియదు. పాట అయిపోయాక కూడా కాసేపు అందరూ నడుస్తూనే ఉన్నారు.

*

పందిరి వెనక కుండల దగ్గర నీళ్ళు తాగుతున్నాం. కోట్ల గుండీలు విప్పుకుని, మొహాలు కడుక్కుని, అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నాం. ఆటో అక్కడే ఆగింది. కురుమయ్య డోలు దించి దాని మీదే కూర్చున్నాడు.

"ఇరవై రెండేండ్ల సంది నీ ఈపు సూసుకుంట నడిసిన ఉస్తాద్," అన్నాడు. "తొవ్వ ఎట్లుంటదో ఇయ్యాల సూసిన."

ఖాజా మియా దుప్పటి అంచు సర్దుకున్నాడు.

గద్వాల నుంచి పెళ్ళికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆటో దగ్గరికి వచ్చాడు. "వచ్చే బేస్తవారం మా ఇంట్ల పెండ్లి. మీరే రావాలె."

"బేస్తవారం ఉప్పునుంతల ఒప్పుకున్నం సాబ్. ఉన్నది ఒక్కటే బ్యాండు," అన్నాడు ఖాజా మియా.

"ఒక్కటా? తొవ్వల మూడు విన్న గద నేను," అని నవ్వుతూ పోయాడు ఆయన.

సరిగ్గా అప్పుడే యాసర్ తడి చేతులు కోటుకు తుడుచుకుంటూ వచ్చాడు. "షుక్రియా ఉస్తాద్. నన్ను నమ్మి ఎత్తుకోమన్నవ్. మొదాల జర గడ్‌బడ్ అయ్యింది గాని..."

"నిన్నా? నన్ను గద ఎత్తుకోమన్నది!" అన్నాడు బుచ్చన్న.

"నేనెవ్వలకు చెప్పలే," అన్నాడు ఖాజా మియా.

నీళ్ళ చెంబు ఎవరి చేతిలోంచో కింద పడింది. ఒక్కొక్క తలా నా వైపు తిరిగింది. పారిపోవడానికి సందు కోసం చూశాను. కుండలు అడ్డం.

"గోవిందు మామా," అన్నాడు షోయబ్. గొంతు చాలా మెల్లగా ఉంది. "ఖాలూ పంపలేదా?"

"అది కాదుర..."

"మూతి?"

"అంగీ జేబులకెల్లి... తీసిన."

"ఎత్తుకొచ్చినవ్."

"నవ్వులాటకుర. నువ్వు పోతున్నవని..."

"రాతిరంత నిద్ర పోలే మామా. ఖాలూ నా పేరు చెప్పిండని, ఆ మాట ఎట్ల అని ఉంటడని, ఏ గొంతుతోని అని ఉంటడని. తెల్లారెదాక గదే."

వాడు ట్రంపెట్ నుంచి మూతి తీశాడు. ఆటోలో ఖాజా మియా ఒళ్ళో, క్లారినెట్టు పక్కన పెట్టాడు. కోటు విప్పి మడిచి సీటు మీద పెట్టాడు. సంచి భుజాన వేసుకుని రోడ్డు వైపు నడిచాడు.

నేను చాలామందిని ఆట పట్టించాను. కొందరు తిట్టారు, ఒకరిద్దరు కొట్టారు. ఎవరూ ఇలా మెల్లగా నడుచుకుంటూ పోలేదు.

"నువ్వు మనిషివేనా?" అన్నాడు యాసర్ నాతో.

ఖాజా మియా ఒళ్ళోని మూతిని వంకర వేళ్ళతో తడిమాడు. పందిరిలో పంతులు మైకు సర్దుకుంటున్నాడు.

"ఆటో తిప్పమను," అన్నాడు చివరికి. "గోవిందూ, నువ్వు ఎక్కు. నన్ను దించనీకి ఒక మనిషి కావాలె. మనిషివి కాకున్న పర్వాలేదు."

*

పెబ్బేరు బస్టాండులో నాగర్‌కర్నూల్ బస్సు ఇంజను ఆడుతోంది. షోయబ్ ఒక కాలు మెట్టు మీద పెట్టాడు.

నా భుజం పట్టుకుని ఖాజా మియా కుంటుతూ వచ్చాడు. ఒక్కో అడుగుకు పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చాడు.

"షోయబ్."

వాడు తిరిగాడు గాని కాలు దించలేదు.

"తెలకపల్లిల నువ్వు తప్పు ఊదలే," అన్నాడు ఖాజా మియా. "మంచిగ ఊదినవ్. నువ్వెత్తుకున్నవ్, నాకు తెల్వకుంటనే నేనందుకున్న. నా నోరు, నా ఏళ్ళు, నా మాట వినలే. నీ ఎనక నడిసినయి. గది తట్టుకోలేకపోయిన. మూతి గుంజుకున్నది గందుకే."

బస్సులోని జనం కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టారు.

"ఈ గోవిందుగాడు అబద్ధం చెప్పిండు. నిజమే. గాని నేను చెప్పవలసిన మాటనే నాకంటె ముందుగాల చెప్పిండు."

నేను కొంచెం నిటారుగా నిలబడ్డాను. ఆయన నా భుజాన్ని గట్టిగా నొక్కి మళ్ళీ కిందికి దించాడు.

"బేస్తవారం రెండు పెండ్లిళ్ళు ఒప్పుకుందం. ఉప్పునుంతలకు కురుమయ్య తోలుకపోతడు. గద్వాలకు నువ్వు పోవాలె. మనుషులను నువ్వే ఏరుకో. పాటలు నువ్వే ఏరుకో. నేను రాను. ఇంట్ల పండుకుంట."

షోయబ్ కళ్ళు నేల మీద ఉన్నాయి. పెదవి కొరుక్కున్నాడు.

"గద్వాలల నేను పాట తప్పితే?"

"నీ ఎనకోళ్ళు ఆ తప్పు పాటనే వాయిస్తరు."

"నీ పాట మార్చి ఊదితే? నీ మలుపు దాటి పోతే?"

"పో."

"ఆరు నెలలైనంక నీ ఏళ్ళు మంచిగైతయి ఖాలూ. మంచిగైనంక? మళ్ళ ముంగటికొచ్చి నిలవడి, నన్ను ఆపవా?"

ఖాజా మియా నోరు తెరిచాడు. ఆపనురా అంటే అయిపోయేది. ఒక్క మాట. నేనైతే పది కసమ్‌లు వేసి చెప్పేవాణ్ణి. ఆయన తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. వాటిని ముడవడానికి ప్రయత్నించాడు. అవి కొంచెం, చాలా కొంచెం, ముడుచుకున్నాయి.

"తెల్వదుర," అన్నాడు. "అబద్ధమెందుకు చెప్పాలె. ఆపుతనేమో."

షోయబ్ ఆయన మొహంలోకి చూశాడు. అలా చూడడం అదే మొదటిసారి అనుకుంటాను. ఇన్నేళ్ళూ ఆ మొహం ముందుండేది, వీడికి కనిపించేది కాదు.

"ఏం పిల్లగా," అని లోపలి నుంచి కండక్టరు కేక వేశాడు, గంట తాడు చేతిలోకి తీసుకుంటూ. "ఒక కాలు మా బస్సుల, ఒక కాలు మీ ఊర్ల. ఎక్కుతవా, దిగుతవా?"